సలాచిక్: క్రిమియాలోని పాత టాటార్ ఊరు, చుట్టూ ఉన్న కోటలు, సమాధులు (తరచుగా అడిగే ప్రశ్నలు)

సలాచిక్ ఎక్కడుంది?

నల్ల సముద్రంలోకి పొడుచుకొచ్చిన క్రిమియా ద్వీపకల్పంలో సింఫరోపోల్ పెద్ద ఊరు. అక్కణ్ణుంచి నైరుతిగా సుమారు 30 కిలోమీటర్లు పోతే బఖ్చిసరాయ్ వస్తుంది. చురుక్-సు అనే చిన్న వాగు పక్కన, రెండు సున్నపురాతి కొండల మధ్య సందులో ఇరుక్కుని పొడవుగా సాగిపోయిన పట్నం అది. ఆ పట్నానికి తూర్పు కొసన, లోయ ఇంకా సన్నబడే చోట ఉన్నదే సలాచిక్. ఒకప్పుడు వేరే ఊరు, ఇప్పుడు పట్నంలో కలిసిపోయిన పేట. బఖ్చిసరాయ్ పుట్టకముందు క్రిమియా ఖానులు ఉన్నది ఇక్కడే.

అంత చిన్న పేట గురించి ఇంత పెద్ద పేజీ ఎందుకు?

రెండు మూడు కిలోమీటర్ల లోయలో పాతరాతియుగం మనుషుల గుహ, ఒక కొండకోట, ఖానుల మదర్సా, మొదటి ఖాను సమాధి, కొండ కడుపులో చర్చి, వేల రాళ్లున్న యూదు శ్మశానం అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కాబట్టి. నడక అలవాటున్నవాళ్లు ఒక పూటలో చుట్టేయొచ్చు. మరో కారణం, నాకు ముఖ్యమైనది: ఇక్కడి గొడవలన్నీ సమాధుల దగ్గరే తేలాయి, లేదా తేలకుండా మిగిలాయి. ఎవరు ముందొచ్చారు, ఈ నేల ఎవరిది అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక సమాధి దగ్గరికి వెళ్లి దాని వయసు తమకు కావలసినట్టు చదివారు. కింద మీరు చదవబోయేది చాలావరకు ఆ కథే.

టాటార్లంటే మంగోలులేనా? చెంఘిజ్ ఖాన్ వంశం?

పాలించిన గిరాయ్ వంశం వరకు అవును, వాళ్లు చెంఘిజ్ ఖాన్ పెద్దకొడుకు జోచి సంతతి. జనం మాత్రం అలా కాదు. స్టెప్పీల నుంచి వచ్చిన కిప్చాక్ తురుష్కులు, అంతకుముందే కొండల్లో ఉన్న గోత్, అలాన్ జాతులవాళ్లు, గ్రీకులు, సముద్రతీరపు వర్తకులు అందరూ కలిసి, చాలామంది ఇస్లాంలోకి మారి, ఒక తురుష్క భాష మాట్లాడుతూ క్రిమియా టాటార్లయ్యారు. రష్యాలో కజాన్ దగ్గరి టాటార్లు వేరు, వీళ్లు వేరు. రెండింటినీ కలిపి చదివితే అంతా గందరగోళమే.

ఇక్కడ దొరికిన “నియాండర్తల్ కాలపు బిడ్డ” సంగతేంటి?

ఇది కాస్త పొడుగు కథ. ఊరి పక్కన కాన్లీ-దెరే అనే గండిలో కొండచరియ కింద ఒక నీడపట్టు ఉంది. 1952లో ఫర్మోజొవ్ అనే సోవియట్ పురావస్తు పరిశోధకుడు అక్కడ తవ్వకం మొదలుపెట్టాడు. చెకుముకి రాతి పనిముట్లు, ఎముకలు కుప్పలుగా దొరికాయి. ఎముకల్లో ఎక్కువ భాగం ఇప్పుడు అంతరించిపోయిన ఒక రకం అడవి గాడిదవి, అంటే అక్కడి వేటగాళ్లు ఈ సన్నటి గండిలో మందల్ని అడ్డగించి కొట్టేవాళ్లన్నమాట. పనిముట్ల తీరు చూస్తే మధ్య పాతరాతియుగం, ఐరోపాలో నియాండర్తల్‌లు అనే అంతరించిపోయిన మనిషి జాతి వాడిన రకం, 40 వేల ఏళ్లకు పైబడినవి.

1953 సెప్టెంబరులో అదే పొరలో ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డ అస్థిపంజరం బయటపడింది. వెంటనే పని ఆపి, మానవశాస్త్రజ్ఞుల్ని పిలిపించారు. పుర్రెల మీద ముఖాలు మలచడంలో పేరున్న గెరాసిమొవ్ కూడా వచ్చినవాళ్లలో ఉన్నాడు. వాళ్లు చూసి చెప్పింది రెండు ముక్కలు: పుర్రె మనలాంటి మనిషిది, పొర మాత్రం ఆ పాత పనిముట్లదే. అంతే, పెద్ద సంచలనం. నియాండర్తల్ పనిముట్లు పట్టుకున్న ఆధునిక మనిషి అంటే ఒకరి నుంచి ఇంకొకరు నెమ్మదిగా మారారన్న వాదానికి దొరికిన సాక్ష్యమే కదా! “స్తరోసెల్యే బిడ్డ” అన్న పేరుతో అది పాఠ్యపుస్తకాల దాకా వెళ్లింది. స్తరోసెల్యే (అంటే ‘పాత ఊరు’) అన్నది సలాచిక్‌కి రెండో ప్రపంచ యుద్ధ కాలం తర్వాత తగిలించిన రష్యన్ పేరు.

మరి అది తప్పని ఎప్పుడు తేలింది?

నలభై ఏళ్ల తర్వాత. 1993 నుంచి 1995 దాకా ఉక్రెయిన్, అమెరికా పరిశోధకులు కలిసి అదే చోట మళ్లీ తవ్వారు, అమెరికా వైపు నుంచి ఆంథొనీ మార్క్స్ ఉన్నాడు. ఈసారి ఆ పాత పొరల్లోకే గోతులు తీసి పూడ్చిన మరికొన్ని అస్థిపంజరాలు దొరికాయి, అవి చాలా కొత్తవి. గొయ్యి తీసిన మట్టినే మళ్లీ గొయ్యిలో పోస్తే, పైగా అదంతా ఒకే రంగు సున్నపు మట్టి అయితే, గొయ్యి అంచు కంటికి ఆనదు. బిడ్డ సమాధి కూడా అలాంటిదే అయ్యుంటుందని 1990లలో వాళ్లు ప్రచురించారు.

ఇక్కడ మనవాళ్లకి చప్పున అర్థమయ్యే విషయం ఒకటుంది. మన ఊళ్లలో ముస్లిం సమాధులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, తల ఉత్తరానికి పెట్టి ముఖం పడమటికి తిప్పుతారు, ఎందుకంటే మనకి మక్కా పడమటి వైపు. క్రిమియాకి మక్కా దక్షిణాన ఉంది. అందుకని అక్కడ తల పడమటికి, ముఖం దక్షిణానికి, అంటే సమాధి తూర్పు పడమరలుగా ఉంటుంది. ఆ బిడ్డ పడుకున్న తీరు కూడా అదే. ఊరి టాటార్ ఇంట్లో చనిపోయిన ఎవరో పసిబిడ్డని ఆ కొండనీడలో పూడ్చిపెట్టారని, దాన్ని నలభై ఏళ్లపాటు ప్రపంచం ఆదిమానవుడనుకుందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. పనిముట్లు, గాడిద ఎముకలు మాత్రం నిజంగానే అంత పాతవి, వాటికి ఢోకా లేదు.

చుఫుత్-కాలే అంటే?

సలాచిక్ నుంచి లోయలో ఇంకా లోపలికి నడిచి, చెట్ల మధ్య దారి పట్టుకుని పైకెక్కితే వచ్చే కొండకోట. మూడు వైపులా నిట్టనిలువు చరియ, నాలుగో వైపు గోడ. చిన్న ద్వారం పక్కకి తిరిగి ఉంటుంది, మీరు దాదాపు దాని ముందు నిలబడేదాకా కనబడదు. మొదట ఎవరు కట్టారన్న దాని మీద వాదనలున్నాయి, బైజాంటైన్‌ల కాలమే అని చాలామంది అంటారు. తర్వాత అలాన్‌లు, ఆ తర్వాత టాటార్లు. టాటార్ల కాలంలో పేరు కిర్క్-యెర్ లేదా కిర్క్-ఓర్. ఖానుల టంకశాల కూడా ఇక్కడ నడిచింది.

లోపల చూడాల్సింది ఏదంటే నేను గుడులకన్నా ముందు వీధే చెప్తాను. పరుపుబండ మీదే వీధి, తారూ లేదు, పరిచిన రాళ్లూ లేవు. వందల ఏళ్లపాటు బండ్లు తిరిగి తిరిగి ఆ బండలో రెండు గాడులు పడ్డాయి, కొన్నిచోట్ల మోకాలి దాకా దిగుతాయి. మనుషులు నడిచే అంచు వేరేగా ఎత్తులో మిగిలిపోయింది. ఇళ్లన్నీ పోయి గోడల మొదళ్లు మాత్రమే ఉన్న ఊళ్లో ఆ గాడులొక్కటే చెక్కుచెదరలేదు.

కోటలో ఖైదీల్ని ఉంచేవారట, నిజమేనా?

నిజమే. పేరున్న ఖైదీ రష్యా సేనాని వసీలీ షెరెమెతెవ్. 1660లో చుద్నొవ్ యుద్ధంలో పట్టుబడ్డాడు. విడుదలైంది 1681లో. ఇంటికి చేరాక ఎక్కువ కాలం బతకలేదు, మరుసటి ఏడాదే పోయాడు.

జానికె ఖానుం ఎవరు?

మాస్కోని తగలబెట్టిన తోఖ్తమిష్ ఖాన్ కూతురు. 1437లో చనిపోయింది, కోట లోపల చరియ అంచున ఆమె సమాధి మందిరం ఉంది. ఆమె కోటని కాపాడుతూ చనిపోయిందనీ, ప్రేమలో పడి చరియ మీద నుంచి దూకిందనీ గైడ్‌లు చెప్పే కథలు చాలా ఉన్నాయి. వినడానికి బాగుంటాయి, అంతవరకే.

అక్కడున్న కరాయిములు యూదులా, తురుష్కులా?

ఎవర్ని అడిగారన్న దాని మీద జవాబు మారుతుంది. మతం యూదు మతంలోంచి వచ్చిన శాఖ: హీబ్రూ బైబిలే ప్రమాణం, తర్వాతి రబ్బీలు రాసిన తాల్ముద్‌ని ఒప్పుకోరు. ప్రార్థన హీబ్రూలో. ఇంట్లో భాష టాటార్‌కి దగ్గరి తురుష్క భాష. ఖానులు బఖ్చిసరాయ్‌కి దిగిపోయాక కొండమీద కోటలో మిగిలింది ప్రధానంగా వీళ్లే. పగలు కింద పట్నంలో వ్యాపారం, రాత్రికి పైన ఇల్లు. కెనాసా అని పిలిచే వీళ్ల ప్రార్థనాలయాలు రెండు పక్కపక్కనే ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1731 నుంచి ఇక్కడ ఒక హీబ్రూ అచ్చుకూటం కూడా నడిపారు.

క్రిమియా 1783లో రష్యా సామ్రాజ్యంలో కలిశాక ఈ ప్రశ్న పన్నుల ప్రశ్న అయింది. మిగతా యూదుల మీద వేసిన రెట్టింపు పన్ను నుంచి కరాయిములకి 1795లో మినహాయింపు దొరికింది. “మేము వేరు” అని నిరూపించుకుంటే లాభం ఉన్న రోజులవి. కింద ఫిర్కోవిచ్ సంగతి చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఫిర్కోవిచ్ తేదీలు మార్చాడా?

కొన్ని మార్చాడనే చాలామంది పండితుల నిర్ణయం. అబ్రహాం ఫిర్కోవిచ్ (1787–1874) కరాయిమ్ పెద్ద, చదువుకున్నవాడు, మొండివాడు, చివరి రోజుల్లో దాదాపు ఖాళీ అయిపోయిన చుఫుత్-కాలేలో కాపురమున్నవాడు. కోట వెనక యెహోషాఫాత్ లోయ అని ఒక శ్మశానం ఉంది, చెట్ల కింద వేల సమాధి రాళ్లు, కొన్నిటికి రెండు కొమ్ముల్లాంటి అంచులు, అన్నిటి మీదా హీబ్రూ రాతలు. కరాయిముల మూలాలేంటని అధికారులు అడిగితే 1839 నుంచి ఆయన ఆ రాళ్లు చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదివిన ప్రకారం కొన్ని సమాధులు క్రీస్తుశకం తొలి శతాబ్దాలవి. అంటే క్రీస్తుని శిలువ వేసేనాటికే వీళ్ల పూర్వీకులు క్రిమియాలో ఉన్నారు, ఆ పాపంలో వీళ్లకి వాటా లేదు అని వాదించొచ్చు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, హీబ్రూలో సంవత్సరాన్ని అంకెలతో కాకుండా అక్షరాలతో రాస్తారు. ఒక అక్షరానికి చిన్న గీత చెక్కితే అది ఇంకో అక్షరమైపోతుంది, సమాధి వయసు ఒక్క దెబ్బకి వందల ఏళ్లు పెరుగుతుంది. హార్కావి, ష్ట్రాక్ లాంటి పండితులు ఆయన చదివిన తేదీల్ని తిప్పికొట్టారు, ఖ్వోల్సన్ కొంత సమర్థించాడు, దశాబ్దాలపాటు కొట్టుకున్నారు. ఇప్పుడు నికరంగా చెప్పగలిగే పాత రాళ్లు 14వ శతాబ్దంవి.

అలాగని ఆయన్ని మోసగాడని ఒక్క మాటలో కొట్టేయకండి. తూర్పు దేశాలన్నీ తిరిగి ఆయన పోగేసిన రాతప్రతులు లేకపోతే హీబ్రూ చరిత్ర సగం గుడ్డిదే. పూర్తిగా మిగిలిన హీబ్రూ బైబిల్ ప్రతుల్లో అన్నిటికన్నా పాతది, 1008 ప్రాంతానిది, సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరింది ఆయన సేకరణ నుంచే. రాళ్ల దగ్గర చెయ్యి జారినవాడు కాగితాల దగ్గర అంత సాధించాడు, రెండూ ఒకే మనిషి చేసిన పనులు.

ఖానుల రాజధాని ఇక్కడ ఎప్పుడుంది? ఇప్పుడేం మిగిలింది?

హాజీ గిరాయ్ 1440ల మొదట్లో బంగారు గుంపు అనే మంగోలు రాజ్యం నుంచి విడివడి తన పేరిట నాణేలు వేయించాడు, క్రిమియా ఖానరిక్కం అక్కడ మొదలు. 1466లో పోయాడు. ఆయన కొడుకు మెంగ్లీ గిరాయ్ సలాచిక్‌లో అసలైన కట్టడాలు కట్టించాడు: 1500లో జింజిర్లి మదర్సా, 1501లో తండ్రి సమాధి మందిరం, ఒక భవంతి కూడా. భవంతి పోయింది. మదర్సా, ఎనిమిది పలకల సమాధి మందిరం నిలిచాయి. 1532లో సాహిబ్ గిరాయ్ లోయ దిగువన కొత్త భవంతి మొదలుపెట్టాడు, దాని చుట్టూ పెరిగిందే బఖ్చిసరాయ్. అలా సలాచిక్ పాత ఊరైపోయింది.

జింజిర్లి మదర్సా గుమ్మానికి అడ్డంగా ఒక ఇనుప గొలుసు వేలాడుతుంది. లోపలికి పోవాలంటే ఎంతటివాడైనా తల వంచాల్సిందే, చదువు ముందు ఖాను కూడా వంగాలని పెట్టారంటారు. ఫొటోలు తీసుకునేవాళ్లు తొంభై శాతం ఆ గొలుసుకే తీస్తారు, నిజానికి లోపలి వాకిలి చుట్టూ ఉన్న చిన్న చిన్న గదులు చూస్తే విద్యార్థులు ఎంత ఇరుకులో బతికారో తెలుస్తుంది.

బఖ్చిసరాయ్ భవంతిలో ఇటలీ ద్వారం ఎలా వచ్చింది?

మెంగ్లీ గిరాయ్ చేతివాటం! మాస్కో పాలకుడు మూడో ఇవాన్ పిలిపించిన అలోయిజియో అనే ఇటలీ శిల్పి ఈ దారిలో వెళ్తుంటే, ఖాను అతన్ని ఏడాదికి పైగా ఆపేసుకుని తన భవంతికి పనిచేయించుకున్నాడు. ఆ తర్వాత మంచి పనివాడని మాస్కోకి సిఫారసు ఉత్తరం కూడా ఇచ్చి పంపాడు. దెమీర్-కాపు అనే ఆ ద్వారం మీద తేదీ 1503, ఆకులు, తీగలు ఇటలీ తీరువి, రాత అరబ్బీ. తర్వాత సలాచిక్ నుంచి కొత్త భవంతికి తరలించారు. అదే అలోయిజియో మాస్కో వెళ్లి క్రెమ్లిన్‌లో ఆర్కాంజెల్ కెథడ్రల్ కట్టాడు.

ముస్లిం రాజధానిలో కొండ కడుపున క్రైస్తవ మఠం ఎలా ఉంది?

ఖానుల కాలంలోనూ అక్కడ గ్రీకులు ఉండేవారు, ఉస్పెన్‌స్కీ మఠం వాళ్లకి పెద్ద పుణ్యక్షేత్రం. హాజీ గిరాయ్ గెలిస్తే మొక్కు తీరుస్తానని అనుకుని, మేలు గుర్రాలు అమ్మించి కొవ్వొత్తులు కొని పంపేవాడని ఒక పాత కథ ఉంది. 1778లో రష్యా ప్రభుత్వం 30 వేల మందికి పైగా క్రైస్తవుల్ని క్రిమియా నుంచి అజోవ్ సముద్రం వైపు తరలించింది, మరియుపోల్‌ని నిలబెట్టిన గ్రీకులు వాళ్లే. మఠం ఖాళీ అయింది. 1850లో తెరిచారు, 1921లో సోవియట్‌లు మూశారు, 1993లో మళ్లీ తెరుచుకుంది.

టాటార్ ఊరు “పాత” ఊరు ఎందుకైంది? జనం ఏమయ్యారు?

1944 మే 18 తెల్లవారుజామున సోవియట్ రహస్య పోలీసులు క్రిమియా అంతటా ఇళ్ల తలుపులు కొట్టారు. సర్దుకోడానికి కొద్ది నిమిషాలిచ్చారు. మూడు రోజుల్లో 1,80,000కు పైగా టాటార్లని పశువుల రైలు పెట్టెల్లో ఎక్కించి ఎక్కువమందిని ఉజ్బెకిస్తాన్‌కి తోలేశారు. జర్మన్లకి సహకరించారని మొత్తం జాతి మీద నేరం మోపారు, ఎర్రసైన్యంలో పోరాడుతున్నవాళ్లని కూడా వదల్లేదు. దారిలో, మొదటి ఏళ్లలో ఎన్నో వేలమంది చనిపోయారు. తర్వాత ఊళ్ల పేర్లు వందల కొద్దీ మార్చారు, సలాచిక్ స్తరోసెల్యే అయింది. 1980ల చివర్లో గానీ తిరిగి రావడానికి వీలు కాలేదు.

ఒకసారి వరస చూడండి: 1944లో ఊరి జనాన్ని తీసుకెళ్లారు, తొమ్మిదేళ్లకి 1953లో అదే ఊరి పక్కన బిడ్డ సమాధి దొరికింది. “ఇక్కడ మా వాళ్ల పసిబిడ్డల్ని పూడ్చేవాళ్లం” అని చెప్పగల ముసలమ్మ ఎవరూ ఆ లోయలో మిగల్లేదు. పొరలు తప్పు చదవడానికి ఇదొక్కటే కారణమని నేననను, కానీ దీని ప్రస్తావన లేకుండా ఆ తవ్వకం గురించి రాసేవాళ్లంటే నాకు చికాకు.

గాస్ప్రాలీ సమాధి నిజమైనదేనా?

ఇస్మాయిల్ గాస్ప్రాలీ (రష్యన్‌లో గాస్ప్రిన్‌స్కీ) టాటార్ల గురజాడ, వీరేశలింగం కలిస్తే ఎలా ఉంటాడో అలాంటివాడు: కొత్త పద్ధతి బడులు, ఆడపిల్లల చదువు, 1883లో మొదలైన ‘తెర్జుమాన్’ పత్రిక. కుర్రతనంలో జింజిర్లి మదర్సాలోనే రష్యన్ నేర్పాడు. 1912లో బొంబాయి కూడా వచ్చాడు, ఇక్కడి ముస్లింలలో తన బడి పద్ధతి ప్రచారం చేయడానికి. 1914లో చనిపోతే మదర్సా పక్కనే పూడ్చారు. సోవియట్ కాలంలో మదర్సాలో మానసిక వైద్యశాల నడిచింది, ఆయన సమాధి రాయి మాయమైంది. ఇప్పుడున్న గుర్తు తిరిగొచ్చినవాళ్లు పెట్టుకున్నది.

మన తెలుగువాళ్లకి దీంతో సంబంధం ఏమైనా ఉందా?

బలవంతంగా లాగక్కర్లేదు గానీ రెండున్నాయి. 15వ శతాబ్దంలో రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ బహమనీ రాజ్యానికి వచ్చి బీదర్‌లో ఉన్నాడు, అక్కడి జనంతో కలిసి ‘పర్వత్’ అనే క్షేత్రానికి జాతరకి వెళ్లానని రాసుకున్నాడు. అది మన శ్రీశైలమే అని పండితుల మాట. తిరుగుదారిలో నల్ల సముద్రం దాటి అతను దిగింది క్రిమియా తీరంలోని కాఫాలో. అప్పుడు లోపలి క్రిమియా ఏలుతున్నది మన మెంగ్లీ గిరాయే. ఇంటికి చేరకుండానే దారిలో పోయాడు.

రెండోది ఈ కాలపుది: సింఫరోపోల్‌లో మెడిసిన్ చదివిన మన పిల్లలు. శని ఆదివారాలు బస్సెక్కి బఖ్చిసరాయ్ చూసొచ్చినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

ఇప్పుడు వెళ్లొచ్చా?

వద్దు. 2014 నుంచి క్రిమియా రష్యా ఆధీనంలో ఉంది, అంతర్జాతీయంగా ఉక్రెయిన్ భూభాగమే. ఉక్రెయిన్ అనుమతి లేకుండా రష్యా వైపు నుంచి అడుగుపెడితే ఉక్రెయిన్ చట్టాన్ని మీరినట్టే. 2022 నుంచి సింఫరోపోల్‌కి పౌర విమానాలు లేవు, యుద్ధం నడుస్తోంది. ఏజెంట్ ఎవరైనా చవగ్గా ప్యాకేజీ అంటే డబ్బు కట్టకండి.

మాంగుప్, ఎస్కి-కెర్మెన్ అనే కొండకోటలు కూడా ఇక్కడివేనా?

అదే కొండల వరసలో ఇంకా దక్షిణంగా ఉంటాయి, సలాచిక్‌వి కావు. మాంగుప్ 1475లో ఆటొమన్లు నెలల తరబడి ముట్టడించి పట్టుకున్న థియడోరో రాజ్యపు రాజధాని, దానికి వేరే పేజీ కావాలి.

మ్యాపులో ఏ పేరుతో వెతకాలి?

సలాచిక్ అని కొడితే ఒక్కోసారి ఏమీ రాదు. స్తరోసెల్యే అంటే ఇంకా పదిచోట్ల ఊళ్లు వస్తాయి, ఆ పేరు రష్యా, ఉక్రెయిన్‌లలో అంత మామూలు. బఖ్చిసరాయ్ పెట్టుకుని, ఖానుల భవంతి నుంచి రోడ్డు వెంట తూర్పుకి జరపండి. రోడ్డు మలుపు తిరిగే చోట జింజిర్లి మదర్సా గుర్తు కనిపిస్తుంది, దాటితే మఠం, ఆ పైన చుఫుత్-కాలే. పాతరాతియుగం నీడపట్టుకి మాత్రం చాలా మ్యాపుల్లో గుర్తే లేదు. కాన్లీ-దెరే గండి ఏదో పోల్చుకుంటే చాలు, అక్కడికి దగ్గర్లోనే ఉంది.